సంచిలో మొక్కలు

"ఓ పెద్దాయనా, ఆగు! ఏముంది ఆ సంచిలో?"

కొండ వెనక కాలిబాట మీద ముసలాయన ఆయాసపడుతూ ఆగాడు.

కాపలాదారు సంచి లాక్కుని చూశాడు. తడిగుడ్డలో గంటపూల మొక్కలు ఆరు, వేళ్ల మట్టితో సహా.

కాపలాదారుకు ఒళ్లు మండిపోయింది. ప్రపంచం మొత్తం మీద ఈ ఒక్క కొండ మీదే పెరిగే పొద అది. ఎనిమిదేళ్లుగా కంటికి రెప్పలా కాస్తున్నాడు. ఒక్కటి తగ్గినా పై అధికారులు ప్రాణం తోడేస్తారు.

"ఎన్నాళ్ల నుంచి సాగుతోంది ఈ బాగోతం?"

"చాలా ఏళ్లయింది నాయనా. అసలు సంగతేంటంటే..."

"చాల్లే, నా చెవిలో పూలు పెట్టకు!"

చుట్టూ నలుగురు మూగారు. కాపలాదారుకు హుషారెక్కింది. మొక్కలు ముసలాయన చేతిలో పెట్టి ఫొటో తీశాడు.

"ముందు వాటికి కాసిన్ని నీళ్లు పొయ్యి," అన్నాడు ముసలాయన.

"దొంగకు దయ కూడానా!"

జనం గొల్లుమన్నారు.

మర్నాడు ఆ ఫొటో కొండ కింది గేటుకెక్కింది, కింద 'మొక్కల దొంగ' అన్న అక్షరాలతో. సాక్ష్యంగా దాచిన ఆరు మొక్కలూ కాపలా గదిలోనే ఎండిపోయాయి. ముసలాయన మళ్లీ అటు రాలేదు.

రెండేళ్లు గడిచాయి. పాత పొదలు ఒక్కొక్కటే ఎండిపోతున్నాయి, కొత్తవి రావడం లేదు. దొంగ బెడద వదిలాక పెరగాల్సింది పోయి తగ్గడమేమిటో కాపలాదారుకు అంతుపట్టలేదు.

ఒక ఉదయం ఒకామె వచ్చి గేటు ముందు గంప దించింది. నిండా గంటపూల మొక్కలు.

"మా నాన్న పోయారన్నా. పోయేముందు వీటిని మీకు అప్పగించమన్నారు."

ఆమె చూపు గేటు మీది ఫొటో మీద పడింది. కాపలాదారు చటుక్కున దానికి అడ్డం నిలబడ్డాడు.

"ఒక్క మాట అడగనా? ఆ రోజు ఆయన మీకు దొరికింది కొండ దిగుతుంటేనా, ఎక్కుతుంటేనా?"

"ఎక్కుతుంటే..."

దొంగతనానికి వెళ్లేవాడు ఖాళీ సంచితో కదా ఎక్కుతాడు! ఆపాటి ఆలోచన తనకెందుకు రాలేదు? సిగ్గుతో ఆమె ముఖంలోకి చూడలేకపోయాడు.

"వీటి గింజలు కొండ మీద మొలవడం మానేశాయన్నా. నాన్న ఇంట్లో మొలిపించి, ఏడాది పెంచి, వానలప్పుడు పైకి మోసుకెళ్లేవారు."

"ఎన్ని నాటారమ్మా?"

"లెక్క రాసుకోలేదు. పదిహేనేళ్ల కిందట కార్చిచ్చు వచ్చినప్పుడు మాత్రం మూడే పొదలు మిగిలాయట."

కాపలాదారు కొండ వైపు చూశాడు. ఆ మూడూ తప్ప, తాను ఇన్నేళ్లూ కాపలా కాసిన ప్రతి పొదా ఆ దొంగ నాటిందే.