కాలని పుస్తకం

మొదటి దెబ్బకి శ్రీదేవి గోడకి గుద్దుకుంది. రెండోదానికి కింద పడింది. చేతిలోని ఈ-రీడర్‌ని మాత్రం వదల్లేదు.

మొగుడు కన్నబాబు ఆమె వేళ్ళు వెనక్కి విరిచి దాన్ని లాక్కున్నాడు. తెర మీద లావుపాటి అక్షరాలు. పైన ఆ నవల రాసిన రచయిత్రి పేరు, ఇందు.

పొద్దున్న అనకాపల్లి బెల్లం మార్కెట్లో తోటి వర్తకుడు సురేష్‌బాబు తన ఫోన్లోంచి ఆ నవలే చదివి వినిపించాడు. అందులో ఓ బెల్లం షావుకారు పెళ్ళాన్ని బెల్టుతో కొడతాడు. “ఇంటి మాట గుమ్మం దాటితే నాలిక కోసేత్తాను” అంటాడు. కన్నబాబు ఇంట్లో అనే మాటే అది. చుట్టూ ఉన్న వర్తకులు కన్నబాబు వైపు చూసి నవ్వారు.

“ఈ ఇందు ఎవర్తి? నువ్వే కదూ?”

శ్రీదేవి పెదవి మీది నెత్తురు తుడుచుకుంది. “ఎవరు రాత్తే ఏటి? అందులో అబద్ధం ఉందా?”

అతను బెల్టు తీశాడు. ఆమె రెండు చేతులూ తలకి అడ్డం పెట్టుకుంది. వీపు మీద జాకెట్టు చిరిగింది. చెయ్యి నొప్పెట్టేదాకా కొట్టి, ఈ-రీడర్‌ని గచ్చు మీద పడేసి మడమతో తొక్కాడు. తెర నిండా నల్లటి గీతలు పాకాయి. అందులో ఉన్న పుస్తకాలన్నీ ఒక్క తొక్కుడుకి ఆరిపోయాయి.

“కాగితం పుస్తకమైతే తొక్కినా బతికేది,” అంది శ్రీదేవి, ఊపిరి కూడదీసుకుంటూ. “కానీ పొయ్యిలో పెడితే కాలిపోయేది. ఇందులో పుస్తకం కాలదు. ఇంకోటి కొని తెరిస్తే, ఆపిన పేజీ దగ్గరే మళ్ళీ వత్తాది.”

కన్నబాబు ఆమె జుట్టు చేతికి చుట్టుకుని వరండాలోకి ఈడ్చాడు. “ఆ ఇందు ఎవర్తో సెప్పకపోతే ఇయ్యాల నిన్ను చంపేత్తాను.”

తల గడపకి తగిలినా ఆమె పేరు చెప్పలేదు.

గేటు తీసిన చప్పుడైంది. కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళిన అతని తల్లి వరహాలక్ష్మి లోపలికి వచ్చింది. కోడల్ని చూసింది. గబగబా మెట్లెక్కి కొడుకు చేతిని పట్టుకుంది.

“వదులు.”

“నువ్వు తప్పుకో అమ్మా. నా బతుకంతా రాసి ఊరి మీద పడేసింది.”

“వద్దత్తయ్యా,” అంది శ్రీదేవి నేల మీద నుంచి. “సెప్పొద్దు. మిమ్మల్నీ కొడతాడు.”

వరహాలక్ష్మి అతని పిడికిలిలోంచి కోడలి జుట్టు విడిపించింది.

“ఆ ఇందు నేనేరా, ఆ షావుకారు మీ నాన్న.”