గొర్రెను బతిమాలే పాట

"ఆ కంప్యూటరాట ఆడేవాళ్ళకు గొర్రెను బతిమాలడం తెలిసేడిస్తేగా! వాళ్ళకెందుకే ఈ పాట?" అంది దుల్మా, ఈనిన పిల్లను దగ్గరికి రానివ్వని గొర్రెను మోకాళ్ళ మధ్య ఇరికించి పట్టుకుంటూ.

"మీ అబ్బాయినే అడగండి అత్తమ్మా. పాట కావాలట, అదీ మీ గొంతులోనే కావాలట" అంది ఉయంగ, విసుగ్గా మైకు సర్దుకుంటూ.

దుల్మా కొడుకు తెమూలెన్ మంగోలియా రాజధాని ఉలాన్‌బాతర్‌లో ఒక ఆటల కంపెనీలో పనిచేస్తాడు. పాతకాలపు రాజ్యాల మీద వరసగా ఆటలు తీసే కంపెనీ అది. అతని భార్య ఉయంగ రేడియోలో శబ్దాలు రికార్డు చేసేది. కాన్పు కోసం సెలవు పెట్టింది.

"పోయినేడు వాడు తీసిన ఆటలో మన గొర్రెను చూశానే. దానికి తోకా అది? చింకి తాడు! మన గొర్రె తోక కొవ్వు పట్టి పళ్ళెమంత ఉండొద్దూ? ఏం తిని గెలిచారట ఆ సైన్యాలు?"

"ఇంకో వింత వినండి. దారిలో గొర్రె కనబడితే ముందు ఎవడు దగ్గరికెళితే అది వాడిదే. తర్వాత శత్రువు వస్తే వాడి వెంట పోతుంది."

"చోద్యం! మీ మామే బతికుంటే ఆ రాజులందర్నీ కర్ర పుచ్చుకుని తరిమేవాడు."

ఉయంగకు నవ్వు రాలేదు. ఈమధ్య రావడమే మానేసింది. గుడారం గుమ్మం పక్కన, ఎండపొడలో ఆమె కొడుకు నిద్రపోతున్నాడు. రెండు నెలలవాడు. పాలిస్తుంది, ఒళ్ళు తుడుస్తుంది. కానీ ఎత్తుకున్నప్పుడల్లా పక్కింటివాళ్ళ బిడ్డను ఎత్తుకున్నట్టే ఉంటోంది. ఎంత పాపిష్టిదాన్నో అని లోలోపల కుమిలిపోతోంది.

ఒకరోజు ఉండబట్టలేక మొగుడికి చెప్పేసింది. తెమూలెన్ అంతా విన్నాడు. ఆ మరుసటి వారం వచ్చి, "అర్జెంటు పని పడింది. అమ్మ దగ్గరికెళ్ళి ఆ పాట రికార్డు చేసుకురా, నీలా ఇంకెవరూ చేయలేరు" అన్నాడు. నా గోడు గాలికి పోయింది, ఈ మనిషికి గొర్రెల గోల పట్టింది అనుకుంటూ జీపెక్కింది. దారిలోనే ఒక నిర్ణయానికి వచ్చింది. పొద్దున్న టీ తాగుతూ అడిగేసింది కూడా.

"అత్తమ్మా, వీణ్ణి మీ దగ్గరే వదిలి వెళ్తాను. మీరే పెంచండి."

ముసలామె ఆమెను ఎగాదిగా చూసి, "ముందు గొర్రె సంగతి చూద్దాం పద" అంది.

ఇప్పుడు ఉయంగ ఆ గొర్రె వంక చూసింది. "ఇది చెడ్డదా అత్తమ్మా? కన్నపిల్లను ఇలా కుమ్మేస్తోందేం?"

"చెడ్డదైతే ఎప్పుడో కోసుకు తినేవాళ్ళం. తొలిచూలు కదే, చలిగాలిలో ఈనింది, బెదిరిపోయింది. బెదిరినదాన్ని తిట్టకూడదు, కొట్టకూడదు. బతిమాలాలి."

ఉయంగ హెడ్‌ఫోన్లు పెట్టుకుని సైగ చేసింది. దుల్మా పిల్ల వీపు మీద ఉప్పు చల్లి తల్లి మూతి దగ్గరికి తోసింది. గొర్రె మళ్ళీ కుమ్మింది. ముసలామె గొర్రెను బుజ్జగించే పిలుపుతో పాట ఎత్తుకుంది.

"తోయిగ్... తోయిగ్... కొండ మీద మంచు కరిగిందే, నీలో పాలెందుకు గడ్డకట్టాయే తల్లీ... తోయిగ్... నీ కడుపున పడుకున్నదే ఇది, కొత్తదేం కాదే... తోయిగ్..."

గొర్రె కుమ్మినప్పుడల్లా పాట మొదటికొచ్చేది. ఆ గొంతులో కోపం లేదు, తొందర లేదు. ముసలామె తన చెవిలోనే నోరుపెట్టి చెబుతున్నట్టు అనిపించింది ఉయంగకు. కళ్ళు ఎప్పుడు నిండాయో ఆమెకే తెలియలేదు.

చివరికి గొర్రె కుమ్మడం మానింది. తల వంచి పిల్లను వాసన చూసి, మెల్లగా నాకింది. అప్పుడే గుమ్మం దగ్గర బిడ్డ లేచి ఏడ్చాడు.

ఉయంగకు ఒక్కసారిగా పాలు చేపుకొచ్చాయి. అంగీ తడిసిపోయింది. మైకు కింద పడేసి పరుగెత్తింది. బిడ్డను గుండెలకు అదుముకుని, "తోయిగ్, తోయిగ్... వచ్చేశా నాన్నా, అమ్మను వచ్చేశా" అంటూ వాడితోపాటు తనూ ఏడ్చింది.

"నీ రికార్డు చెడిందే పిల్లా!"

"చెడితే చెడనీండి అత్తమ్మా."

"వీణ్ణి వదిలి వెళ్తానన్నావు?"

"ఎవరు? నేనా?" అంది ఉయంగ, వాడి తల మీద నుంచి ముక్కు తీయకుండా.

సాయంత్రం తెమూలెన్ ఫోన్ చేస్తే దుల్మా సిగ్నల్ సరిగ్గా అందేలా గుట్టెక్కి మాట్లాడింది.

"పాట సగంలోనే ఆగిందిరా. నీ పెళ్ళాం బిడ్డను ఎత్తుకుని ఇప్పటిదాకా దించలేదు. రేపు మళ్ళీ పాడతాలే, నీ ఆట ఆగిపోదు కదా? అది రాగానే మన గొర్రెల్ని నాకు చూపించాలి."

అటువైపు నుంచి ముక్కు ఎగబీల్చుకున్న చప్పుడొకటి వినిపించింది.

"ఈసారి ఆటంతా నడిసముద్రంలోనే అమ్మా, అందులో గొర్రెలే లేవు."