చల్లగది

వరి మొక్కలకు చల్లగది ఉంది. ఆయన భార్యకు లేదు. అందుకే ఆమె పోయింది. ఇందులో వాదించడానికేమీ లేదు.

ఆయన వరి పరిశోధనశాలలో అటెండరు. అక్కడ రెండు గదులు పక్కపక్కనే ఉంటాయి. వేడిగదిలో మొక్కలను నిప్పుల మీద నిలబెట్టినట్టు నిలబెడతారు. చల్లగదిలో అదే విత్తనం మొక్కలు దొరబిడ్డల్లా పెరుగుతాయి. వేడి తిన్న మొక్క లోపల ఏం మారిందో తెలియాలంటే, వేడి ఎరగని మొక్క పక్కన ఉండాలి కదా. కరెంటు పోతే క్వార్టర్సులో జనం విసనకర్రలు వెతుక్కోవాలి. ఈ రెండు గదులకు మాత్రం జనరేటరు.

నిరుడు ఎండాకాలం, పరిశోధనశాల వెనక తాముండే రేకుల గదిలో భార్య ఉడికిపోతుంటే ఆయన ఆ మొక్కల మీద పరిశోధన చేసే మేడమ్ దగ్గరికి వెళ్ళాడు.

"మధ్యాహ్నం పూట కాసేపు చల్లగదిలో ఓ మూల కూర్చోబెడతానండి. ఒంట్లో బాగాలేని మనిషి. మీ మొక్కల జోలికి రాదు."

మేడమ్ కళ్ళద్దాల మీదుగా చూసింది.

"తలుపు తీసిన ప్రతిసారీ మొక్కకు తెలిసిపోతుంది. ఏళ్ళ పని గంగలో కలుస్తుంది. ఇవాళ నీ భార్య అంటావు, రేపు ఇంకొకరు వస్తారు. కుదరదు. ఆస్పత్రికి తీసుకెళ్ళు."

తీసుకెళ్ళాడు. అక్కడి వరండాలో కూడా గాలి లేదు. ఆ వారం దాటకుండానే ఆమె పోయింది.

ఆయన ఉద్యోగం మానలేదు. మేడమ్‌తో పనికి మించి ఒక్క మాట మాట్లాడడం మాత్రం మానేశాడు. చల్లగది తాళంచెవి మొలతాడుకు కట్టుకుని తిరిగేవాడు.

ఈ ఎండాకాలం మేడమ్ ఏవో సభలని ఊరు వెళ్ళింది. చాలా రోజులకు తిరిగొచ్చి, మొక్కల ఆకులు కోసి పరీక్ష చేసింది. వెంటనే ఆయన్ని పిలిపించింది.

బల్ల మీద ఆ పరీక్ష తాలూకు ఫిల్ము ఉంది. దాని నిండా నల్లటి చారలు.

"ఇవేంటో తెలుసా?"

"మీరు చెప్పాలి."

"వేడి తగిలితే మొక్క కణాల్లో ప్రొటీన్లు ఉడికిన గుడ్డులా ముద్ద కడతాయి. అలా కట్టనీయకుండా పట్టి నిలబెట్టే కాపలా ప్రొటీన్లు అప్పటికప్పుడు పుట్టుకొస్తాయి. ఈ చారలు అవే. వేడిగది మొక్కల్లో ఉండాలి. చల్లగది మొక్కల్లో ఇంత దట్టంగా ఎందుకున్నాయి?"

ఆయన ఫిల్ము మీదికి వంగి చూశాడు.

"అన్నిట్లోనూ లేవు. తలుపు వైపు వరుసలోనే ఉన్నాయి. వరండాలోని వడగాలి నేరుగా వాటికే కొట్టింది. గడప దగ్గర ఇటుక గీసిన గుర్తుంది. లోపలి మూల కుర్చీ ఉంది. కుర్చీ కావాలని మొక్కలు అడిగాయా?"

గుమ్మంలో నిలబడ్డ డ్రైవరు కిసుక్కున నవ్వబోయి ఆపుకున్నాడు.

"ఇటుక నేనే పెట్టానండి. తలుపు మూతపడకుండా."

"ఒక్కరోజా?"

"రోజూ. మధ్యాహ్నం పూట."

"కునుకు తీయడానికా, పగ తీర్చుకోవడానికా? నిరుటి సంగతి నువ్వింకా మరిచిపోలేదు."

"మరిచిపోయే సంగతా అది?"

మేడమ్ ముఖం కందిపోయింది.

"ఎండకు పూత మాడి, గింజ తాలుపోయి, నెత్తిన గుడ్డేసుకునే రైతుల కోసం చేస్తున్న పని ఇది. మళ్ళీ విత్తు నాటే దగ్గర నుంచి మొదలుపెట్టాలి. నీకేం పోయింది! మా అమ్మను చూసైనా సిగ్గు తెచ్చుకో. డెబ్బై దాటిన మనిషి. మోకాళ్ళు పట్టేస్తాయి. తలుపులు మూస్తే ఊపిరాడక గింజుకుంటుంది. నేను లేనన్నాళ్ళూ క్వార్టర్సులో పగలంతా కరెంటు లేదట. అయినా ఒక్కతే తట్టుకుంది. ఫోన్ చేసి ఎలా ఉంటున్నావమ్మా అంటే, 'హాయిగా ఉన్నానే' అని నవ్వేసేది. అన్నయ్య వచ్చి తనతో తీసుకెళ్ళేదాకా కిక్కురుమనలేదు. నువ్వూ ఉన్నావు, ఎందుకూ!"

"పెద్దావిడ గట్టి మనిషేనండి," అన్నాడాయన.

"సాయంత్రంలోగా తాళాలు అప్పగించు. రేకుల గది ఖాళీ చెయ్యి."

ఆయన మొలతాడు ముడి అక్కడే విప్పాడు. తాళంచెవి ఫిల్ము పక్కన పెట్టి వచ్చేశాడు.

డ్రైవరు వెంటపడ్డాడు.

"నా నోట్లో నువ్వుగింజ నానదు. నీ నోట్లో బండరాయైనా నానేట్టుంది. కునుకు కోసమైతే కాదు బాబాయ్. మధ్యాహ్నాలు నువ్వు బయట వరండాలో చెమటలు కక్కుతూ కూర్చోవడం నేను చూశా. పగే కదా? పోనీ, ఇంకేదైనా కారణముంటే చెప్పు. నేనే వెళ్ళి మేడమ్‌తో అంటా. ఈ వయసులో ఎక్కడికి పోతావు?"

"చెప్తే ఆవిడ నా చేతులు పట్టుకుని ఏడుస్తుంది. ఆ ఏడుపు నాకు అక్కర్లేదు."

"మేడమ్ ఏడవడమా! అంత సంగతేంటి?"

ఆయన పరుపు చుట్టాడు. గోడకు తగిలించిన భార్య విసనకర్ర తీసి చంకలో పెట్టుకున్నాడు. ఎండ నడినెత్తిన ఉండగానే గేటు దాటాడు.

చల్లగది మూల కుర్చీలో రోజూ తాను చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి కూర్చోబెట్టింది మేడమ్ తల్లినే అన్న మాట ఆయన ఆ రోజే కాదు, బతికున్నంతకాలం ఎవరి దగ్గరా ఎత్తలేదు.