గోడకు అటుపక్క

ఆ కన్నం కెయిగో గుద్దిన గుద్దుకు పడింది.

జిప్సం బోర్డు గోడ కదా, అప్పడంలా విరిగింది. చదువు మానేసి గదిలో ముడుచుకున్న కెయిగో, గోడ గుద్దిన రోజు నుంచి తల్లి అన్నం తెచ్చినా "ఊఁ" అనడం లేదు. తల్లి మినెకోకి ఏడుపు రావడం కూడా ఎప్పుడో మానేసింది.

ఇంటి ఓనరు చూస్తే ఖాళీ చేయమంటాడు. అందుకే హొరియె అనే మరమ్మతు మనిషిని పిలిచింది. కెయిగో వెళ్లి స్నానాలగదిలో గడియ పెట్టుకున్నాడు.

"గోడేం పాపం చేసిందమ్మా?" అన్నాడు హొరియె.

మినెకో నవ్వలేదు.

పాపమంతా పక్కింటి కురత ముసలాయనదే అని ఆమె నమ్మకం. రోజూ సాయంత్రం అటునుంచి ఇదే గోడ తట్టేవాడు. అలాంటి పల్చటి గోడల ఇళ్లలో గోడ తట్టడమంటే, మీ గోల పడలేకపోతున్నామని చెప్పడమే. ఎదురుపడి పలకరిస్తే తల వంచి వెళ్లిపోయేవాడు. పొగరనుకుంది. చివరికి మిఠాయి పెట్టె పట్టుకెళ్లి, నడుం వంచి క్షమించమంది. ఇకమీదట మా వాడు మిమ్మల్ని ఇబ్బంది పెట్టడని చెప్పింది. ఆయన నోరు తెరిచాడు. గొంతు మీద చెయ్యి వేసుకున్నాడు. ఏమీ అనకుండానే పెట్టె అందుకున్నాడు.

ఆ రోజుతో చప్పుడు ఆగింది. పీడ విరగడైందనుకుంది. వారం తిరక్కుండానే కెయిగో గోడ గుద్దాడు.

మొన్న చలికాలంలో ముసలాయన పోయాడు. ఆపరేషన్‌లో గొంతు పోయి ఆయనకు మాట లేదని అంత్యక్రియల్లో ఎవరో అన్నారు. విని ఊరుకుంది. కెయిగోకి ఆ కబురే చెప్పలేదు, వాడికెందుకని.

హొరియె కన్నాన్ని చదరంగా కోశాడు. కొత్త ముక్క బిగించాలంటే లోపలి కర్ర ఎక్కడుందో తెలియాలి. వేలి కణుపుతో గోడ తట్టాడు.

టక్, టక్.

స్నానాలగది గడియ తీసిన చప్పుడైంది. కెయిగో పరుగున వచ్చాడు. పరాయి మనిషి ఉన్నాడని కూడా చూడకుండా గోడకు చెవి ఆనించి, మూడుసార్లు తట్టాడు. ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు.

"తాతగారు మళ్లీ తట్టారా అమ్మా?"

కొడుకు గొంతు విని ఎన్నాళ్లయిందో.

"ఏ తాతరా?"

"పక్కింటి తాత. ఉన్నావా అని ఆయన రెండు కొట్టేవారు. ఉన్నానని నేను మూడు కొట్టేవాణ్ణి. నా మీద ఎందుకో అలిగారు, ఆపేశారు."

హొరియె చేతిలోని బోర్డు ముక్కను మెల్లగా కింద పెట్టాడు.

ఇన్నేళ్లలో తన కొడుకుతో మాట్లాడిన ఒకే ఒక్క మనిషి నోటిని, మిఠాయి పెట్టె ఇచ్చి తానే మూయించానని మినెకోకి అప్పుడు తెలిసింది.