మంత్రిగారి వరస

“మంత్రిగారు మీకేమవుతారు?”

“ఏమీ కారు!” జలపాతం చూపించే గైడు గొంతు గదంతా మోగింది.

“మరి ఇదేమిటి?” ఎంపిక సంఘం పెద్దాయన ల్యాప్‌టాప్ ఇటు తిప్పాడు. జలపాతం దగ్గర సభ. మంత్రి గైడు భుజం మీద చెయ్యేసి, “ఏం మావయ్యా, బాగున్నావా?” అంటున్నాడు.

“టీ కొట్టాయన్నీ మావయ్యా అనే అంటాడండీ! ఓట్ల కోసం నోటికొచ్చిన వరస కలుపుతాడు. ఆ లెక్కన దేశమంతా ఆయన చుట్టాలే!”

“కొత్త రూలు తెలుసుగా. జాతీయ పర్యాటక బోర్డులో మంత్రి బంధువులకు చోటు లేదు. మీరిక వెళ్ళొచ్చు.”

గైడుకి ఒళ్ళు మండిపోయింది. ఆ రూలు కోసం గొంతు చించుకున్న వాళ్ళలో తనూ ఒకడు. ఇన్నాళ్ళూ బోర్డు నిండా మంత్రి బావమరిది, తోడల్లుడు, వియ్యంకుడే. ఒక్కడూ జలపాతం మొహం చూసి ఎరగడు. అంచున రెయిలింగ్ వేయించండి మహాప్రభో అని కాళ్ళరిగేలా తిరిగితే, చూద్దాం అన్నారు. కిందటి వానాకాలం ఒక కాలేజీ పిల్ల అతని చేతిలోంచే జారి లోయలో పడిపోయింది. బోర్డులో కూర్చుని ఆ రెయిలింగ్ వేయించాలి. అంతకు మించి అతనికి ఏ కోరికా లేదు.

బయటికొస్తూ తలుపు విసిరికొట్టాడు. గడియ పడలేదు. తలుపు మళ్ళీ ఓరగా తెరుచుకుంది.

వరండా టీవీలో మంత్రి విలేకరులతో మాట్లాడుతున్నాడు, ప్రత్యక్ష ప్రసారం. “ఇకమీదట బోర్డులో నా చుట్టం ఒక్కడు కూడా ఉండడు!”

“థూ!” అన్నాడు గైడు.

ఈలోగా ఒకావిడ లోపలికెళ్ళింది. నేత చీర, నెమ్మది మనిషి. మాటలు బయటికి వినిపిస్తూనే ఉన్నాయి.

“మంత్రిగారు మిమ్మల్ని ఏ వరస పెట్టి పిలుస్తారమ్మా?”

“ఏ వరసా పెట్టరండీ. పేరు పెట్టి కూడా పిలవరు.”

“సభల్లో పలకరిస్తారా?”

“సభల్లోనా? నా వైపు చూడనైనా చూడరు.”

“భేష్. మీరు ఎంపికైనట్టే.”

ఆవిడ బయటికి రాగానే గైడు ఎదురెళ్ళాడు. “అమ్మా, నాకెలాగూ రాలేదు. మీరైనా జలపాతం దగ్గర ఆ రెయిలింగ్ వేయించండి. ఇంకో పిల్ల పోతే నేను చూడలేను.”

ఆవిడ కళ్ళు చెమర్చాయి. “ఇంట్లో ఒక్క మాట అడిగి చెప్తానన్నయ్యా.”

“బోర్డు మెంబరయ్యాక కూడా ఇంట్లో అడగాలా?” గైడు పళ్ళు నూరాడు. “ఇంక మీకెందుకమ్మా ఆ కుర్చీ?”

ఆవిడ నొచ్చుకుంది. కాస్త పక్కకు జరిగి ఫోను చెవిన పెట్టుకుంది.

టీవీలో మంత్రి జేబులో ఫోను మోగింది. మాట మధ్యలో ఆపి, విసుగ్గా తీశాడు.

“ఏమండీ,” అంది ఆవిడ, “ఇక్కడో అన్నయ్య రెయిలింగ్ వేయించమంటున్నాడు, ఏం చెప్పమంటారు?”