పాటలోంచి తీసేసిన చప్పుడు

తన దుకాణం షట్టరు దించాక, కూతురు పాత సీడీని కంప్యూటరులో పెట్టింది. ఇరవై ఏళ్ల కిందట వాళ్లమ్మ పాడిన పాట అది. ఇప్పుడు మనిషి లేదు. సీడీ కూడా గీతలు పడి ఆగిపోతోంది. అందుకే ఫోనులోకి ఎక్కించమని తండ్రి తెచ్చాడు. ఆయన లారీ డ్రైవరుగా చేసి మానేశాడు.

"పాటలో చెవికి ఆనని చప్పుళ్లన్నీ తీసేస్తే ఫైలు చిన్నదవుతుంది నాన్నా."

"తీసేసినవి ఏమవుతాయి?"

"పారేసేవన్నీ నీకే కావాలి. అమ్మ ఊరికే తిట్టేదా! ఇదిగో, విను."

తీసేసిన చప్పుడును మాత్రమే వేరుచేసి, హెడ్‌ఫోను ఆయన చెవులకు తగిలించి, ఆమె వెనక గదిలోకి వెళ్లింది.

మొదట ఇసుక రాలినట్టు గరగరమంది. దాని వెనక ఎవరో దగ్గారు. అది తన దగ్గే. పాట రికార్డు చేసిన రోజు ఆయన ఇంట్లోనే లేడు, లారీ మీద ఉన్నాడు. ఈ దగ్గు పట్టుకుని నెలైనా కాలేదు.

తరువాత కూతురి గొంతు వినిపించింది. అప్పటి ఎనిమిదేళ్ల పిల్ల గొంతు కాదు, ఇప్పటిది.

"నీళ్లు తాగు నాన్నా."

గ్లాసు పడి పగిలింది.

"నాన్నా! కళ్లు తెరువు నాన్నా!"

ఆ తరువాత చివరిదాకా ఎవరూ దగ్గలేదు.

ఆయన హెడ్‌ఫోను తీసేశాడు. గొంతులో దురద మొదలైంది. పళ్లు బిగబట్టి, నోటికి కండువా అడ్డం పెట్టుకున్నాడు. ఎంత ఆపుకున్నా ఆగలేదు. ఒక్కసారి దగ్గాడు.

వెనక గదిలో గ్లాసులోకి నీళ్లు వంచుతున్న చప్పుడైంది.