తొమ్మిదో నంబరు జిజో

పిల్లలను ఇళ్ళకు పొమ్మనే సాయంత్రం ఐదు గంటల పాటకు కొంచెం ముందు సుగిమురా బకెట్‌తో వీధి మలుపు దగ్గరికి వచ్చాడు.

అక్కడ అప్పటికే నగర కార్యాలయం నుంచి వచ్చిన ఒనుకి అనే అమ్మాయి ఉంది. రాతి జిజో విగ్రహం పక్కన వంగి టేపుతో కొలుస్తోంది. అరవై రెండు సెంటీమీటర్లు అని రాసుకుంది.

సుగిమురా తలవంచి పలకరించి తన పనిలో పడ్డాడు. పిల్లలను కాచే ఆ దేవుడి తల మీద నీళ్ళు పోశాడు. చెవుల వెనక కుంచెతో తోమాడు. మెడలో వెలిసిపోయిన ఎర్రగుడ్డ విప్పి కొత్తది కట్టాడు. నలభై ఒక్క ఏళ్ళుగా ఇదే పని. రాయికి చలేస్తుందా అంటే ఎవరు చెప్పగలరు? మంచు పడే రోజున మాత్రం ఆ నెత్తి మీద ఉన్ని టోపీ ఉంటుంది.

ఒనుకి వచ్చిన పని చెప్పింది. పేటలో ఇంటింటికీ కొత్త పుస్తకం పంచుతారట. ముందు సగంలో చెత్త వేసే రోజులు, నీళ్ళ గొట్టాల మరమ్మతు తేదీలు, భూకంపం వస్తే చేరాల్సిన బడి. వెనక సగంలో పేటలోని పాత చోట్ల పటం. కోట ద్వారం ఒకటో నంబరు. సుగిమురా వయసులో ఉండగా పనిచేసిన సోయా గోదాము ఎనిమిది. ఈ జిజోకు తొమ్మిది ఇవ్వమని పేట సంఘం అడిగింది.

నంబరు వస్తే రోడ్డు వెడల్పు చేసేటప్పుడు కాస్త పక్కకు తిప్పుతారు. రాకపోతే రాయిని పెకలించి గుడి వెనక, దిక్కులేని విగ్రహాల వరసలో పెడతారు. అక్కడి గేటుకు ఏడాది పొడవునా తాళమే.

"మరీ పాతది కాదు కదండీ. అందుకని ఎవరి పేరున పెట్టారో ఆ ఇంటివాళ్ళ ఒప్పుదల కావాలి. శుక్రవారం లోపల," అంది ఒనుకి.

ఎదురుగా టోఫు అంగడి మిత్సుయో తడి చేతులు తుడుచుకుంటూ బయటికి వచ్చింది.

"సుగిమురా గారూ, దేవుడికేమో నెలకో కొత్త గుడ్డ. మీకు మాత్రం ఎప్పుడూ ఆ కోటే. మార్చరా?"

"బాగానే ఉంది కదా."

"బాగానా? ముప్పై ఏళ్ళ కిందటి నా పెళ్ళి ఫోటోలో, వెనకాల మీరు అదే కోటులో ఉన్నారు."

ఒనుకి నవ్వింది. మిత్సుయో ఆమె పక్కకు జరిగి గొంతు తగ్గించింది. బడి నుంచి ఇంటికి పోతూ, ఈ మలుపులోనే, లారీ కింద పడ్డాడట పిల్లాడు. తాను కోడలిగా రాకముందు సంగతి. "కొడుకు పోయిన మనిషి. మేమెవరమూ ఆ మాట కదిలించమమ్మా," అంది.

ఒనుకి నవ్వు ఆపి కాగితం తిప్పింది. బాబు వయసు అడిగింది.

"ఏడు. ఉంటే నలభై ఎనిమిది." బస్సు వేళ చెప్పినట్టు చెప్పాడు.

ఆమె అంకె రాసుకుని మాట మార్చింది. డెబ్బై దాటినవాళ్ళు డ్రైవింగ్ లైసెన్సు వెనక్కి ఇచ్చేస్తే బస్సు పాసు ఉచితమని, పుస్తకంలో పన్నెండో పేజీలో వేస్తున్నామని చెప్పింది.

"నేనెప్పుడో ఇచ్చేశాను. ఈ పాసులు లేని రోజుల్లోనే."

"సరే, ఇక్కడ మీ ముద్ర వేస్తే..."

"నాది చెల్లదు. తల్లి ఉంది. నది అవతల."

ఒనుకి గుచ్చి అడగలేదు. కొన్ని ఇళ్ళు అలా విడిపోతాయి. అతను ఇంకేదో చెప్పబోయాడు. అంతలో స్తంభం మీది మైకులో ఐదు గంటల పాట మొదలైంది. పిల్లలు సంచులు వీపున వేసుకుని ఇళ్ళకు పోతున్నారు. పాట అయ్యేదాకా సుగిమురా కుంచె పట్టుకుని అలాగే నిలబడ్డాడు. అయ్యాక చెప్పబోయింది చెప్పలేదు. కాగితం తీసుకుని వెళ్ళిపోయాడు.

గురువారం వంతెన దాటి నడిచి వెళ్ళాడు. బాబు తల్లి హమానాకా సయెకో తలుపు తీసింది. ఏటా ఒకసారి, బాబు పోయిన తేదీన, ఆ గుమ్మం ముందుకు వెళ్తాడు. లోపలికి ఎప్పుడూ వెళ్ళలేదు. ఆమె ఎప్పుడూ రమ్మనలేదు. ఈసారి తేదీ కాని రోజు కాబట్టి ఆమె అతని ముఖంలోకి కాసేపు చూసింది.

రోడ్డు సంగతి, పటం సంగతి చెప్పాడు. ఆమె అంతా విన్నది.

"నేను వద్దంటే?"

"గుడి వెనక పెడతారు."

"అక్కడికి వెళ్ళి నీళ్ళు పోయలేరా?"

"తాళం ఉంటుంది."

లోపల పొయ్యి మీద కెటిల్ కూత పెట్టింది. ఆమె కదలలేదు.

"ఆ గుడ్డలు ఇంకా మీరే కుడుతున్నారా?"

"ఆ. చూపు ఆనడం లేదు. కుట్లు వంకరపోతున్నాయి."

ఆమె కాగితం తీసుకుని తలుపు మూసింది. అతను బయటే నిలబడ్డాడు. ఆశ లేదు, భయమూ లేదు. తిమ్మిరెక్కిన కాలు లాంటిదేదో లోపల ఉంది, అంతే. కాసేపటికి తలుపు తెరుచుకుంది. నాలుగు మడతలు పెట్టిన కాగితం అతని చేతికి వచ్చింది. అతను నడుం వంచి నమస్కరించాడు. తల ఎత్తేసరికి తలుపు మూసి ఉంది.

దారిలో విప్పి చూడలేదు. మర్నాడు అలాగే తెచ్చి ఒనుకి బల్ల మీద పెట్టి, బకెట్ వేళవుతోందని వెళ్ళిపోయాడు.

ఒనుకి మడతలు విప్పింది. మొదటి గడిలో గుండ్రటి చేతిరాతలో తల్లి పేరు, పక్కన ఎర్రటి ముద్ర. రెండో గడిలో, విగ్రహం ఉన్నచోటే ఉండవచ్చు. మూడో గడిలో, ఇకముందు చూసుకునే మనిషి సుగిమురా. ఊపిరి పీల్చుకుని, పటం మీద తొమ్మిది అంకె వేసి, ఆ మనిషికి బిడ్డతో సంబంధం ఏమిటన్న చివరి గడి చూసింది.

అదే గుండ్రటి చేతిరాతలో, "ఆ సాయంత్రం లారీ నడిపినవాడు," అని ఉంది.